సెల్ఫ్ డ్రైవింగ్ కారుకి అప్‌డేట్లు తప్పనిసరా? నెలనెలా ఫీజు కట్టాలా? సంతకం పెట్టే ముందు ఇలా తేల్చుకోండి

“అన్నా, కారు మొత్తం డబ్బు పెట్టి కొన్నాక దాని సాఫ్ట్‌వేర్‌కి మళ్లీ నెలనెలా కట్టడమేంటి? కట్టకపోతే కారు ఆగిపోతుందా?” డాలస్‌లో ఏ గృహప్రవేశానికి వెళ్లినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉన్నారు. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసేవాళ్ల ప్రశ్న ఇంకో రకం: “మా కారులో అడాస్ ఉంది కదా, దానికీ ఏటా కట్టాలా?” (అడాస్ అంటే లేన్‌లో ఉంచడం, తనంతట బ్రేకు వేయడం లాంటి డ్రైవర్‌కి సాయపడే ఏర్పాట్లు.) ఇన్నిసార్లు విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే నలుగురికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. అప్‌డేట్లు కావాలి, కారు మీ దగ్గర ఉన్నన్నాళ్లూ కావాలి. ఫీజు మాత్రం అన్ని కార్లకీ లేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే చాలామంది అటో ఇటో నష్టపోతున్నారు. అప్‌డేట్ అంటే కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌లోని తప్పులు దిద్దడం, మారిన రోడ్లకి తగ్గట్టు దాన్ని సరిచేయడం. ఫీజు అంటే ఫలానా సౌకర్యం వాడుకున్నందుకు మీరు కట్టే అద్దె. అద్దె ఆపితే ఆ సౌకర్యం పోతుంది, కారు పోదు. మీ చేతుల్తో మామూలుగా నడుపుకోవచ్చు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. “సెల్ఫ్ డ్రైవింగ్” అన్న పేరు ఉన్నా, ఈరోజు మామూలు మనిషి కొనుక్కునే కార్లలో దాదాపు అన్నీ లెవల్ 2. అంటే స్టీరింగ్, బ్రేకు అది చూసుకుంటున్నా, రోడ్డు మీద కన్ను మీదే, బాధ్యతా మీదే. ఫినిక్స్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో డ్రైవర్ లేకుండా తిరిగే వేమో కార్లు అమ్మకానికి లేవు. వాటిలో మనం ప్రయాణికులం మాత్రమే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

కారు 17 అక్షరాల విన్ నంబరు (డ్రైవర్ వైపు విండ్‌షీల్డ్ కింద, రిజిస్ట్రేషన్ కాగితం మీద ఉంటుంది). కొనుగోలు ఒప్పందం, దొరికితే విండో స్టిక్కర్ (కొత్త కారు అద్దానికి అంటించే ధర, సౌకర్యాల జాబితా). కంపెనీ యాప్, దాని పాస్‌వర్డ్. ఇంటి వైఫై పాస్‌వర్డ్. గత ఆరు నెలల క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు. ఒక కాగితం, పెన్ను. మొత్తం పనికి ఒక ఆదివారం పొద్దున సరిపోతుంది.

1. మీ కారులో ఉన్నది ఏ రకమో గుర్తించండి

టొయోటా సేఫ్టీ సెన్స్, హోండా సెన్సింగ్ లాంటివి లేన్ మధ్యలో ఉంచడం, ముందున్న బండిని బట్టి వేగం తగ్గించడం వరకే చేస్తాయి. వీటికి నెలవారీ ఫీజు లేదు, కారు ధరలోనే వచ్చేస్తాయి. రోజూ ఆఫీసుకి వెళ్లిరావడానికి చాలామందికి ఇంతే చాలు అని నా అభిప్రాయం. మీ అవసరం ఇంతవరకే అయితే నేరుగా 3వ మెట్టుకి వెళ్లండి.

రెండో రకం, ముందుగా మ్యాప్ చేసిన హైవేల మీద చేతులు తీసేయనిచ్చేవి: జీఎం సూపర్ క్రూజ్, ఫోర్డ్ బ్లూక్రూజ్. సూపర్ క్రూజ్ 2017లో కాడిలాక్ సీటీ6 తో మొదలైంది. ఇవి మ్యాప్ మీద ఆధారపడతాయి. రోడ్డుని తవ్వి కొత్త ఎగ్జిట్ వేస్తే మ్యాప్ కూడా మారాలి, లేకపోతే ఆ చోట సిస్టమ్ పనిచేయదు. కాబట్టి వీటికి ఫీజు, అప్‌డేట్ రెండూ ముడిపడి ఉంటాయి.

మూడోది టెస్లా ఎఫ్‌ఎస్‌డీ (ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్). కెమెరాలతో చూసి ఊరి రోడ్ల మీద కూడా నడుస్తుంది. 2024 నుంచి దాని పేరు చివర “సూపర్‌వైజ్డ్” (మీ పర్యవేక్షణలో) అని చేర్చారు. ఆ ఒక్క మాటే మీ బాధ్యత ఏంటో చెబుతుంది.

నాలుగోది అరుదు. మెర్సిడెస్ డ్రైవ్ పైలట్ లెవల్ 3. అంటే అది నడుపుతున్నంతసేపూ రోడ్డు మీద కన్ను పెట్టక్కర్లేదు, అడిగినప్పుడు మాత్రం మీరు అందుకోవాలి. 2022లో జర్మనీలో, ఆ తర్వాత నెవాడా, కాలిఫోర్నియాల్లో వచ్చింది. అమెరికాలో గంటకి 40 మైళ్ల లోపు వేగానికి, కొన్ని ఫ్రీవేలకే పరిమితంగా వచ్చింది. ఏడాదికి 2,500 డాలర్ల చందాతో మొదలుపెట్టారు.

ఇక్కడ జరిగే పొరపాటు: షోరూంలో టెస్ట్ డ్రైవ్ చూసి కొనేయడం. రెండో రకం కారైతే, మీరు రోజూ వెళ్లే దారి వాళ్ల మ్యాప్‌లో ఉందా లేదా కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. ఇల్లు, ఆఫీసు, గుడి, పిల్లల స్కూలు అన్నీ హైవే ఎక్కకుండానే అయిపోయే కుటుంబానికి హైవే సౌకర్యం కోసం ఏటా కట్టే డబ్బు దండగే.

2. ఇప్పుడు నడుస్తున్నది సొంతమా, ట్రయలా, అద్దెదా?

అందరూ దాటేసే మెట్టు ఇదే. ఎక్కువ డబ్బు పోయేదీ ఇక్కడే.

మా బావమరిది రెండేళ్ల క్రితం వాడిన కారు కొన్నాడు. అమ్మినతను “సెల్ఫ్ డ్రైవింగ్ ఉంది, చూడండి” అని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పి చూపించాడు. నిజంగానే నడిచింది. దాని పేరు చెప్పి నాలుగు వేల డాలర్లు ఎక్కువ తీసుకున్నాడు. పంతొమ్మిదో రోజు పొద్దున ఆ బటన్ కనపడలేదు. అది నెల రోజుల ట్రయల్ అని తర్వాత తెలిసింది. ఒప్పందంలో ఆ సౌకర్యం పేరు ఎక్కడా రాయలేదు కాబట్టి అడగడానికి నోరు లేకుండా పోయింది.

మీరు ఇలా చేయండి. కారు స్క్రీన్‌లో సాఫ్ట్‌వేర్ పేజీ తెరవండి. టెస్లాలో అయితే కంట్రోల్స్, సాఫ్ట్‌వేర్ అని వెళ్తే ఆ కారుకి ఏ ప్యాకేజీ ఉందో కనిపిస్తుంది. చందా అయితే చందా అనే ఉంటుంది. స్క్రీన్‌కి ఫోటో తీసుకోండి. తర్వాత ఒప్పందంలో ఈ నాలుగు విషయాలు రాయించుకోండి: సౌకర్యం పూర్తి పేరు, అది ఈ విన్‌కి శాశ్వతంగా ఉందా, గడువు ఉంటే ఏ తేదీ వరకు, యజమాని మారినా ఉంటుందా. “ఉంటుంది సార్, ఏం కాదు” అన్న నోటిమాట లెక్కలోకి రాదు.

జీఎం కార్లలో సూపర్ క్రూజ్ సాధారణంగా మొదటి మూడేళ్లు కారు ధరలోనే వస్తుంది. ఆ మూడేళ్లు కారు కొత్తగా అమ్ముడైన రోజు నుంచి మొదలవుతాయి, మీరు కొన్న రోజు నుంచి కాదు. రెండున్నరేళ్ల పాత కారు కొంటే మీకు మిగిలేది ఆరు నెలలే.

3. రీకాల్ చూడండి, ఇది అందరికీ

రీకాల్ అంటే భద్రతా లోపం ఉందని తేలిన కార్లని కంపెనీ సరిచేసి ఇవ్వడం. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో రీకాల్స్ పేజీకి వెళ్లి విన్ కొట్టండి. రెండు నిమిషాల పని. పెండింగ్ రీకాల్స్ సున్నా అని రావాలి.

సాఫ్ట్‌వేర్‌కి రీకాల్ ఏంటి అనకండి. 2023 ఫిబ్రవరిలో ఎఫ్‌ఎస్‌డీ బీటా (పరీక్ష దశలోని వెర్షన్) ఉన్న 3,62,758 టెస్లాలని రీకాల్ చేశారు. కూడళ్ల దగ్గర, స్టాప్ సైన్ల దగ్గర అది సరిగా ప్రవర్తించడం లేదని. అదే ఏడాది డిసెంబర్‌లో, లేన్, వేగం చూసుకునే టెస్లా ఆటోపైలట్ విషయంలో 20 లక్షలకి పైగా కార్లని రీకాల్ చేశారు. డ్రైవర్ దృష్టి పెట్టాడో లేదో చూసే ఏర్పాటు సరిపోవడం లేదని. రెండిటికీ మందు ఒక్కటే, ఇంటర్నెట్ ద్వారా నేరుగా కారుకి వచ్చే అప్‌డేట్. ఎవరూ సర్వీస్ సెంటర్‌కి వెళ్లనక్కర్లేదు. వేమో కూడా తన కార్లని సాఫ్ట్‌వేర్ కోసం రీకాల్ చేసింది. 2024లో ఫినిక్స్‌లో ఒక కారు కరెంటు స్తంభానికి తగిలాక 672 కార్లకి.

మీకు తెలియాల్సింది: రీకాల్ మరమ్మతు ఉచితం. కారు మొదట అమ్ముడై 15 ఏళ్లు దాటనంతవరకు, మీరు రెండో యజమాని అయినా, నాలుగో యజమాని అయినా ఉచితమే. చందా కట్టడం లేదు కాబట్టి రీకాల్ అప్‌డేట్ ఇవ్వం అని ఎవరైనా అంటే అది చెల్లదు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి ఫిర్యాదు చేయండి.

4. కాగితం మీద లెక్క వేయండి

మొదట కారు ఎన్ని నెలలు ఉంచుకుంటారో రాయండి. నిజాయితీగా రాయండి. మనవాళ్లలో చాలామంది మూడేళ్ల లీజు తీసుకుని, లెక్క మాత్రం పదేళ్లకి వేస్తారు.

టెస్లా ఉదాహరణ చూద్దాం. ఎఫ్‌ఎస్‌డీని ఒకేసారి కొనే ధర 2022 సెప్టెంబర్‌లో 15,000 డాలర్ల దాకా వెళ్లి, 2024 ఏప్రిల్‌లో 8,000కి దిగింది. నెలవారీ చందా 2021 జూలైలో 199 డాలర్లతో మొదలై, 2024 ఏప్రిల్‌లో 99కి తగ్గింది. 8,000ని 99తో భాగిస్తే దాదాపు 81 నెలలు. ఆరేళ్ల తొమ్మిది నెలలు వరుసగా, ఒక్క నెల కూడా మానకుండా వాడితేనే కొన్న డబ్బు గిట్టుబాటు. ఆ 8,000 కారు లోన్‌లో కలిస్తే వడ్డీ అదనం. 2026 జనవరిలో ఎలాన్ మస్క్ ఈ ఒకేసారి కొనే పద్ధతి ఫిబ్రవరి 14 తర్వాత ఉండదని, నెలవారీ మాత్రమే ఉంటుందని ప్రకటించారు. అందుకే ఇప్పుడు ఈ లెక్క ఎక్కువగా అవసరమయ్యేది వాడిన కారు కొనేవాళ్లకి. “ఎఫ్‌ఎస్‌డీ ఉన్న కారు, ఆరు వేలు ఎక్కువ” అంటే, మీరు మూడేళ్లు ఉంచుకునేవాళ్లయితే 36 నెలల చందా 3,564 డాలర్లే. అంతకు మించి ఒక్క డాలర్ ఇవ్వకండి.

ఇంకా తక్కువలో అయ్యే దారి ఉంది. ఏడాదికి మూడు నెలలే దూర ప్రయాణాలు చేస్తే ఆ మూడు నెలలే చందా తీసుకోండి, 297 డాలర్లతో పోతుంది. వేసవిలో అమ్మానాన్న వచ్చినప్పుడు గ్రాండ్ కాన్యన్‌కో, స్మోకీ మౌంటెన్స్‌కో వెళ్లే కుటుంబాలకి నేను చెప్పేది ఇదే.

సూపర్ క్రూజ్ చందా 25 డాలర్ల నెలసరి, 250 డాలర్ల ఏడాది లెక్కన చాలాకాలం నడిచింది. అలాంటి ధరల్లో పది నెలలకన్నా తక్కువ వాడేవాళ్లకి నెలసరే మేలు. బ్లూక్రూజ్‌కి 2024లో ఫోర్డ్ నెలకి 49.99, ఏడాదికి 495 డాలర్లు అని పెట్టింది. ఇక్కడా సూత్రం అదే, లెక్క పది నెలల దగ్గరే తేలుతుంది. ధరలు ఏటా మారతాయి కాబట్టి సంతకం పెట్టే రోజున యాప్‌లో ఉన్న ధరతో లెక్క వేయండి, స్నేహితుడు కట్టే ధరతో కాదు.

చందా వద్దనుకునేవాళ్లకి ఇంకో ప్రత్యామ్నాయం కామా కంపెనీ పరికరం, దాని మీద నడిచే ఓపెన్‌పైలట్ అనే డ్రైవింగ్ సాయం సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, ఉచితం. పరికరం ఒకసారి కొంటే చాలు, వాళ్ల నెలవారీ ప్లాన్ ఇష్టమైతేనే. 300కి పైగా కారు మోడళ్లలో పనిచేస్తుంది. కానీ దీన్ని మీరే బిగించుకోవాలి, మీరే చూసుకోవాలి. వారంటీ గురించి, ఇన్సూరెన్స్ గురించి ముందే రాతపూర్వకంగా అడగండి. సాంకేతిక ఓపిక లేనివాళ్లకి నేను సిఫార్సు చేయను.

5. కంప్యూటర్ వయసు చూడండి

సాఫ్ట్‌వేర్ ఎంత కొత్తదైనా అది నడిచేది కారులోని కంప్యూటర్ మీద. టెస్లాలో 2019 నుంచి హెచ్‌డబ్ల్యూ3 అనే కంప్యూటర్, 2023 నుంచి దాని తర్వాతి తరం హెచ్‌డబ్ల్యూ4 వచ్చాయి. ఎఫ్‌ఎస్‌డీ కొన్నవాళ్ల హెచ్‌డబ్ల్యూ3 కంప్యూటర్లని మార్చాల్సి వస్తుందని 2025 జనవరిలో మస్కే ఒప్పుకున్నారు. ఆ మాట కొనుక్కున్నవాళ్ల గురించి. నెలవారీ కట్టేవాళ్ల గురించి కాదు. సాఫ్ట్‌వేర్ పేజీలో అదనపు సమాచారం నొక్కితే మీది ఏదో కనిపిస్తుంది.

కారుని ఫోన్ నెట్‌వర్క్‌కి కలిపే మోడెం కూడా ముఖ్యం. 2022లో అమెరికా ఫోన్ కంపెనీలు 3జీ మూసేసినప్పుడు ఎన్నో పాత కార్లు నెట్‌వర్క్‌తో సంబంధం తెగి మూగబోయాయి. ఏడెనిమిదేళ్లు ఉంచుకోవాలనుకునేవాళ్లు కారులో ఉన్నది 4జీనా, 5జీనా అని అడగండి.

6. అప్‌డేట్ ఎక్కించే పద్ధతి

కారు వైఫైకి కలపండి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పెట్టేవాళ్లకి నెలల తరబడి అప్‌డేట్ రాకపోవడానికి మొదటి కారణం ఇదే, అక్కడ వైఫై అందదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో పెట్టినా డౌన్‌లోడ్ అవుతుంది, లేదంటే వారానికోసారి ఇంటి వైఫై అందే చోట కాసేపు ఆపండి. టెస్లా నెలవారీ ప్రీమియం కనెక్టివిటీ తీసుకోకపోతే అప్‌డేట్లు రావని కొందరు అనుకుంటారు, అది నిజం కాదు. పాటలు, వీడియోలు, ట్రాఫిక్ దృశ్యాల కోసమే అది.

రాత్రి ఇన్‌స్టాల్ అయ్యేలా పెట్టండి. అవుతున్నంతసేపూ కారు కదలదు. పొద్దున ఆరింటికి ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సిన రోజు ముందురాత్రి మాత్రం వద్దు.

కొత్త వెర్షన్ వచ్చిన మొదటిరోజే ఎక్కించాలా? రీకాల్‌కి సంబంధించినదైతే వెంటనే. కేవలం కొత్త సౌకర్యాలైతే నేను వారం ఆగుతాను. 2021 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌డీ బీటా 10.3 విడుదలయ్యాక, ఏమీ అడ్డం లేకుండానే ఢీకొనబోతున్నారన్న హెచ్చరికలు వచ్చాయి. ఒకట్రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు, తర్వాత 11,704 కార్లకి రీకాల్ అయింది. వెనక్కి తీసుకోవడం కంపెనీ చేతిలో ఉంది, మన చేతిలో లేదు. ఒకసారి ఎక్కాక పాత వెర్షన్‌కి మీ అంతట మీరు వెళ్లలేరు. టెస్లాలో అప్‌డేట్ ప్రాధాన్యం “స్టాండర్డ్” అని ఉంచితే కాస్త వెనక వస్తుంది, “అడ్వాన్స్‌డ్” పెడితే ముందు వరసలో వస్తుంది.

7. అప్‌డేట్ తర్వాత ఇలా పరీక్షించండి

నాకు అన్నిటికన్నా పనికొచ్చిన అలవాటు ఇది. ఇంటి చుట్టూ పది మైళ్ల దారి ఒకటి ఎంచుకున్నాను. అందులో ఒక స్కూల్ జోన్, ఒక నాలుగు వైపుల స్టాప్, ఎడమ మలుపు ఉన్న సిగ్నల్, ఒక హైవే ర్యాంపు ఉన్నాయి. ప్రతి అప్‌డేట్ తర్వాత ఆదివారం పొద్దున ఏడింటికి అదే దారిలో, చేతులు స్టీరింగ్ మీదే ఉంచి వెళ్తాను. నేను ఎన్నిసార్లు స్టీరింగో, బ్రేకో అందుకోవాల్సి వచ్చిందో, ఎక్కడ వచ్చిందో ఇంటికొచ్చి పుస్తకంలో రాస్తాను. పిల్లల్ని ఆరోజు ఎక్కించుకోను.

మూడు అప్‌డేట్లకి మీ ముందు అంకెలు ఉంటాయి. తగ్గుతుంటే ఫీజుకి అర్థం ఉంది. అదే ర్యాంపు దగ్గర మూడుసార్లూ మీరే బ్రేకు వేశారంటే, మీ దారికి ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా సరిపోలేదు. ప్రకటనలోని వీడియో ఏం చూపించినా సరే, చందా ఆపేయండి.

బయల్దేరే ముందు ఇంటి దగ్గరే చూడాల్సినవి: విడుదల వివరాలు చదవండి. వెర్షన్ నంబరు మారిందో లేదో చూడండి. అన్ని కెమెరాల దృశ్యాలు స్పష్టంగా ఉన్నాయా? వేగ పరిమితి మీద ఎంత వరకు వెళ్లొచ్చో మీరు పెట్టుకున్న అంకె అలాగే ఉందా, మారిపోయిందా?

విండ్‌షీల్డ్ మార్పించారా? అయితే ముందు వైపు కెమెరాకి కాలిబ్రేషన్ (దాని గురి మళ్లీ సరిచేయడం) తప్పనిసరి. గ్లాసు ధర మాత్రమే చెప్పి ఈ మాట ఎత్తని షాపుల్లో మార్పించకండి. టెస్లాల్లో కొంత దూరం నడిపితే, మామూలుగా 20 నుంచి 25 మైళ్లలో, అదే సర్దుకుంటుంది. చాలా కార్లలో మాత్రం షాపులో పరికరాలతో చేయాలి, బిల్లులో ఆ పని పేరు కనిపించాలి.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్లకి

ఎక్స్‌యూవీ700, హారియర్, క్రెటా లాంటి కార్లలోని అడాస్ పై వేరియంట్ల ధరతోనే వస్తుంది. ఏటా కట్టమని వచ్చే మెసేజ్ సాధారణంగా కనెక్టెడ్ కార్ యాప్‌ది. హ్యుందాయ్ బ్లూలింక్ మొదటి మూడేళ్లు ఉచితం, తర్వాత రెన్యూవల్. ఫోన్‌లోంచి ఏసీ ఆన్ చేయడం, కారు ఎక్కడుందో చూడటం అందులోవి. అది కట్టకపోయినా లేన్ కీప్, ఆటోమేటిక్ బ్రేకింగ్ ఆగవు. కానీ సర్వీసుకి ఇచ్చినప్పుడు “అడాస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏమైనా ఉందా” అని అడిగి జాబ్ కార్డు మీద రాయించండి. అడగకపోతే చెప్పని చోట్లే ఎక్కువ.

2025 జూలైలో టెస్లా ముంబైలో షోరూం తెరిచినప్పుడు మోడల్ వై ధర 59.89 లక్షల నుంచి మొదలైంది, ఎఫ్‌ఎస్‌డీకి ఇంకో 6 లక్షలు. అప్పటికి మన రోడ్ల మీద ఆ సౌకర్యం పనిచేయదు. రేపెప్పుడో వస్తుందన్న దానికి ఈరోజు 6 లక్షలు కట్టొద్దని నాకు ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ గట్టిగానే చెప్పాను.

8. ఆపేటప్పుడు, అమ్మేటప్పుడు

చందా ఆపడం ఎక్కువగా యాప్‌లోనే అవుతుంది. ట్రయల్ తీసుకున్న రోజే, అది ముగిసే తేదీకి రెండు రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. కార్డు వివరాలు ఇచ్చి తీసుకున్న ట్రయల్ గడువు దాటితే ఫీజు దానంతట అదే కట్ అవుతుంది.

కారు అమ్మేటప్పుడు వరస ముఖ్యం. ముందు చందా రద్దు చేయండి. రద్దయినట్టు వచ్చిన ఈమెయిల్ దాచుకోండి. తర్వాత కారు స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. ఇంటి చిరునామా, గ్యారేజీ తలుపు కోడ్, ఫోన్‌లోని నంబర్లు అన్నీ అందులో ఉంటాయి. ఆఖరున యాప్‌లోంచి ఆ కారుని తీసేయండి. ముందే కారుని యాప్‌లోంచి తీసేస్తే చందా రద్దు చేసే బటన్ కనపడక కస్టమర్ కేర్‌తో గంటలు గడపాల్సి వస్తుంది.

తర్వాతి రెండు నెలల కార్డు స్టేట్‌మెంట్లు చూడండి. కారు పేరుతో ఏ మొత్తమైనా కనిపిస్తే, ఆ రద్దు ఈమెయిల్ జతచేసి బ్యాంకులో వెంటనే డిస్‌ప్యూట్ పెట్టండి.